రికార్డింగ్‌లో వెనుక చప్పుళ్లు: డొంకూరు ఒడ్డు నేర్పిన పాఠం, ఇంట్లోనే చేసుకునే పరీక్షలు

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలో డొంకూరు అని మత్స్యకార గ్రామం ఉంది. ఆంధ్ర తీరం అక్కడితో దాదాపు అయిపోయి ఒడిశా మొదలవుతుంది. ఈ తీరం నుంచి చాలామంది మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ లాంటి రేవులకు బోట్ల మీద పనికి వెళ్తుంటారు. అలా వెళ్లి తిరిగిరాని ఒకాయన భార్యతో మాట్లాడదామని నేను అక్కడికి వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలు. వెనకాల సముద్రం కనిపిస్తే బాగుంటుందని ఆమెను ఒడ్డుకు వీపు పెట్టి కూర్చోబెట్టాను. నాలుగడుగుల దూరంలో కెమెరా, దాని నెత్తిన కొత్తగా కొన్న కండెన్సర్ మైక్. ఆమె 20 నిమిషాలు మాట్లాడింది. ఒకచోట ఏడ్చింది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు, ఎదురుగా చెవిలో పెట్టుకుంటే మర్యాదగా ఉండదేమో అనుకున్నాను.

ఇంటికొచ్చి వింటే సముద్రం బ్రహ్మాండంగా వినిపించింది. ఆమె మాట మాత్రం అలల కింద ఎక్కడో ఉంది. వెళ్లేముందు భర్త తీసుకున్న అప్పు ఎంతో ఆమె చెప్పింది. అది అరవై వేలో, ఇరవై వేలో నాకు తెలియలేదు. పదిసార్లు విన్నాను. ‘రవై’ మాత్రమే వినిపిస్తోంది, ముందు అక్షరం గాలి తినేసింది.

మళ్లీ వెళ్లాను. ఇంకోసారి చెప్పమ్మా అని అడిగితే ఆమె నావైపు చూసి, "ఓపాలి సెప్పేసినాను కదా బావూ, మళ్లీ సెప్పమంతావేటి?" అంది. అరవై అని ఆ ఒక్క అంకె చెప్పింది. మిగతాది చెప్పలేదు. చెప్పమని నేనూ అడగలేకపోయాను. నా రాతప్రతిలో నాలుగు చోట్ల ‘వినిపించలేదు’ అని ఇప్పటికీ ఖాళీలున్నాయి.

బీకాంలో మాకు మొదట నేర్పింది ఓచర్ లేనిదే ఎంట్రీ లేదని. రిపోర్టరుకు రికార్డింగే ఓచర్. అది చెరిగిపోతే మనం రాసిన అంకెకు ఆధారం ఉండదు. అందుకే ఆ తర్వాత మైకుల గురించి కూర్చుని నేర్చుకున్నాను. ఇంట్లో నానీ మాటలు దాచుకోవాలనుకునేవాళ్లకి, యూట్యూబ్ వీడియోలు చేసేవాళ్లకి, ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లకి, మాలాంటి చిన్న రిపోర్టర్లకి పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

మైక్ పాడైందా, బాగా పనిచేస్తోందా?

చాలామంది ముందు అనేమాట "మైక్ బాలేదు, అన్నీ లాగేస్తోంది" అని. నిజానికి అది బాగా పనిచేస్తోంది కాబట్టే అన్నీ లాగుతోంది.

మాటల రికార్డింగ్‌కి వాడే మైకులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి డైనమిక్. సభల్లో, ఖవ్వాలీ స్టేజీ మీద చేత్తో పట్టుకుని మాట్లాడే గట్టి మైక్ ఇదే. లోపల అయస్కాంతం, సన్నటి తీగచుట్ట ఉంటాయి, కరెంటు అక్కర్లేదు. రెండోది కండెన్సర్. ఇందులో చాలా పలుచని పొర ఒక పలకకు దగ్గరగా ఉండి, చిన్న శబ్దానికే కదులుతుంది. దీన్ని 1916లో అమెరికాలో ఇ.సి. వెంటే తయారుచేశాడు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కలిసి ఎలక్ట్రెట్ అనే చౌకరకం కండెన్సర్‌ను రూపొందించారు. చొక్కాకు పెట్టుకునే చిన్న కాలర్ మైకులు చాలావరకు ఆ రకమే.

తేడా ఎంతో చూడండి. స్టేజీల మీద ఎక్కువగా కనిపించే షూర్ ఎస్ఎం58 డైనమిక్ మైక్ ఒక పాస్కల్ శబ్దానికి దాదాపు 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. రోడ్ ఎన్‌టీ1-ఏ అనే కండెన్సర్ అదే శబ్దానికి 25 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే సుమారు 13 రెట్లు ఎక్కువ. ‘సెన్సిటివ్’ అంటే ఇంతే, అదే శబ్దానికి ఎక్కువ విద్యుత్తు ఇవ్వటం.

ఇక్కడే అందరం పొరపాటు పడే చోటు. సెన్సిటివ్ మైక్ మాటను 13 రెట్లు పెంచితే ఫ్యాను చప్పుడును కూడా అంతే పెంచుతుంది. వాటి మధ్య నిష్పత్తి మారదు. గెయిన్ తగ్గిస్తే చప్పుడుతో పాటు మాట కూడా తగ్గుతుంది. తర్వాత ఎడిటింగ్‌లో మాట పెంచగానే చప్పుడు మళ్లీ పైకి వస్తుంది. అదే దూరంలో, అదే దిశలో పెడితే డైనమిక్ మైక్ కూడా ఆ చప్పుళ్లన్నీ లాగుతుంది. దాన్ని నోటికి ఆనించి మాట్లాడతారు కాబట్టి అది ‘శుభ్రంగా’ ఉన్నట్టు అనిపిస్తుంది. గొప్పతనం ఎక్కువగా దూరానిదే.

కాబట్టి మనం చూడాల్సింది మాట ఎంత పెద్దగా పడుతోందన్నది కాదు. చప్పుడు కన్నా మాట ఎంత ఎక్కువగా పడుతోందన్నది.

దూరం లెక్క

ఆరుబయట మైక్‌కీ నోటికీ మధ్య దూరం సగం చేస్తే మాట సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. నేను డొంకూరులో 120 సెంటీమీటర్ల దూరంలో మైక్ పెట్టాను. అది 60కి తెస్తే 6, 30కి తెస్తే 12, 15కి తెస్తే 18 డెసిబెల్స్ లాభం. ఇంతలో సముద్రం చప్పుడు ఏమీ పెరగదు. అది ఎలాగూ దూరంగానే ఉంది, మైక్ నాలుగడుగులు జరిగితే దానికి తేడా ఉండదు. 18 డెసిబెల్స్ లాభం ఏ సాఫ్ట్‌వేర్ కూడా మాట చెడకుండా ఇవ్వలేదు, పైసా ఖర్చు కూడా లేదు.

15 నుంచి 20 సెంటీమీటర్లంటే దాదాపు ఒక జానెడు. ఇదే గుర్తు పెట్టుకోండి. మరీ దగ్గరైతే ప, ఫ, బ, భ అన్నప్పుడు గాలి తగిలి ‘టప్ టప్’ మంటుంది. అందుకని మైక్‌ను నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకో, గడ్డం కిందికో పెట్టి నోటివైపు తిప్పాలి.

కెమెరా నెత్తిన మైక్ పెడితే ఈ లెక్క మన చేతిలో ఉండదు. ఎందుకంటే కెమెరా వెనక్కి జరిగినప్పుడల్లా మైక్ కూడా జరుగుతుంది. మైక్‌ను కెమెరా నుంచి విడదీయటమే మొదటి మరమ్మతు.

చప్పుడు ఏ రకమో చెవితో గుర్తుపట్టండి

నివారణ చప్పుడు రకాన్ని బట్టి ఉంటుంది. ముందు కళ్లు మూసుకుని, హెడ్‌ఫోన్స్‌లో 20 సెకన్లు వినండి.

‘గుయ్’ మని ఒకే శ్రుతిలో మోగితే అది కరెంటు హమ్. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్, కాబట్టి ఈ మోత 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఎర్త్ సరిగా లేకపోవటం, ల్యాప్‌టాప్ ఛార్జర్, కరెంటు వైరు పక్కనే మైక్ వైరు వెళ్లటం దీనికి మామూలు కారణాలు.

‘సూ’ మని ఇసుక రాల్చినట్టు వస్తే అది హిస్. మైక్ లోపలి సొంత రొదైనా కావచ్చు, గెయిన్ విపరీతంగా పెంచటమైనా కావచ్చు. ఎన్‌టీ1-ఏ లాంటి మైక్ సొంత రొద 5 డెసిబెల్స్ మాత్రమే, అంటే మన చెవికి దాదాపు తెలియదు. చౌక కాలర్ మైకుల్లో ఇది చాలా ఎక్కువ.

‘బుర్ బుర్’ మని గుడ్డ చించినట్టు, ఆగి ఆగి వస్తే అది గాలి. గాలి మైక్ పొరను నేరుగా కొట్టటం వల్ల వచ్చే చప్పుడు ఇది. మన చెవికి ఒడ్డున గాలి హాయిగానే ఉంటుంది, మైక్‌కి మాత్రం అది చెంపదెబ్బ.

‘ట్ర్ ట్ర్ ట్ర్’ మని లయగా వస్తే పక్కన సెల్‌ఫోన్ ఉంది. ఫోన్ సిగ్నల్ మైక్ వైరులోకి దూరుతోంది.

గరగర, టక్ టక్ అంటే వైరు కదలటం, చీర కొంగు లేదా దుపట్టా మైక్‌కి రాసుకోవటం, బల్ల మీద గాజులు తగలటం.

డబ్బాలో మాట్లాడినట్టు ఉంటే అది ప్రతిధ్వని. గోడలు, గచ్చు మాటను తిరిగి కొడుతున్నాయి.

ఇక ఫ్యాను, ఫ్రిజ్, జనరేటర్, లారీ, రైలు, కాకులు, కుళాయి. ఇవి మన చెవికీ వినిపిస్తాయి, కానీ అలవాటై పట్టించుకోం. మెదడు వాటిని పక్కన పెట్టేస్తుంది. మైక్‌కి అలా పక్కన పెట్టటం రాదు.

ఐదు నిమిషాల పరీక్ష

చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే ఒక్కొక్కటే మార్చుతూ వెళ్లండి. రెండు ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. జమాఖర్చుల్లో తేడా వచ్చినప్పుడు ఒక్కో పద్దు టిక్ పెట్టుకుంటూ వెళ్లినట్టే.

1. ఛార్జర్ పీకేయండి. ల్యాప్‌టాప్ అయినా ఫోన్ అయినా బ్యాటరీ మీద నడిపి వినండి. గుయ్ మోత ఆగిపోతే దొంగ దొరికినట్టే. రికార్డింగ్ అయ్యేదాకా బ్యాటరీ మీదే ఉంచండి.

2. ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. జేబులోదీ, ఎదుటివాళ్లదీ కూడా.

3. గెయిన్ పూర్తిగా తగ్గించండి. చప్పుడు అలాగే ఉంటే మైక్ తప్పు లేదు, రికార్డరులోనో, హెడ్‌ఫోన్ వైపో ఉంది. చప్పుడూ తగ్గితే అది మైక్ నుంచో, వైరు నుంచో, గది నుంచో వస్తోంది.

4. మైక్‌ను మందపాటి బొంతలో చుట్టి బట్టల బీరువాలో పెట్టి వినండి. చప్పుడు తగ్గితే అది గదిది. సూ మోత ఏమాత్రం తగ్గకపోతే అది మైక్ సొంత రొద, లేదా రికార్డరు రొద.

5. మైక్ లోహపు ఒంటిని చేత్తో తాకండి. తాకగానే హమ్ తగ్గితే ఎర్త్‌లోనో, వైరు తొడుగులోనో లోపం ఉంది. వైరు మార్చి చూడండి.

6. వైరును చేత్తో మెల్లగా వంచుతూ వినండి. ఒకచోట గరగరమంటే అక్కడ తెగింది.

7. పిన్ చూడండి. చాలా ఫోన్లకు పనికొచ్చే కాలర్ మైక్ పిన్ మీద మూడు నల్ల గీతలు ఉంటాయి. కెమెరాకు పనికొచ్చేదాని మీద రెండు. తప్పు పిన్ పెడితే ఫోన్ చెప్పకుండానే తన లోపలి మైక్‌తో రికార్డు చేసేస్తుంది. మనం కాలర్ మైక్ పాడైందని తిట్టుకుంటాం. పరీక్ష చాలా తేలిక: రికార్డింగ్ నడుస్తుండగా కాలర్ మైక్‌ను గోటితో గీకండి. గీకుడు పెద్దగా పడకపోతే ఆ మైక్ అసలు పనిచేయటం లేదు.

స్టూడియో రకం కండెన్సర్‌కు రికార్డరు నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఆ స్విచ్ వేసే ముందు, వైరు పీకే ముందు గెయిన్ తగ్గించటం మర్చిపోకండి. లేకపోతే వచ్చే ‘ఢబ్’ చెవులకు మంచిది కాదు.

ఒడ్డున, ఊళ్లో: గాలి, అలలు

గాలికి మైక్‌తో వచ్చే నల్ల స్పాంజి చాలదు. అది నోటి గాలికి సరిపోతుందేమో గానీ సముద్రపు గాలికి కాదు. బొచ్చు తొడుగు కావాలి. రికార్డింగ్ చేసేవాళ్లు దాన్ని ‘డెడ్ క్యాట్’ అంటారు. పొడవాటి బొచ్చు గాలి వేగాన్ని మైక్ చేరకముందే విరగ్గొడుతుంది. అది లేకపోతే గాలికి చాటు వెతకండి. ఇంటి గోడ, ఒడ్డుకు లాగిన పడవ, జీడితోట మొదళ్లు ఏవైనా సరే.

వేళ కూడా ముఖ్యం. పగలు నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీదినుంచి గాలి పెరుగుతుంది. మధ్యాహ్నం తర్వాత బాగా వీస్తుంది. పొద్దున్నే గాలి తక్కువ. అయితే పొద్దున్న ఒడ్డున చేపల పాట జరుగుతుంది, అరుపులుంటాయి. అందుకని పొద్దున్న పూట, ఒడ్డుకు దూరంగా, ఊరి లోపల. డొంకూరులో నేను రెండోసారి చేసింది అదే.

అలల హోరు గాలి కన్నా మొండిది. గాలి చప్పుడు ఎక్కువగా 200 హెర్ట్జ్ లోపు ఉంటుంది. దాన్ని లో-కట్ స్విచ్‌తో చాలావరకు తీసేయొచ్చు. అలల చప్పుడు కింది నుంచి పై దాకా, మాట ఉన్న చోటంతా పరుచుకుని ఉంటుంది. దాన్ని కోస్తే మాట కూడా తెగుతుంది. కాబట్టి అలలకు మందు మూడే: దగ్గర మైక్, అడ్డుగోడ, మైక్ దిశ.

దిశ సంగతి కొంచెం జాగ్రత్తగా చదవండి. కార్డియాయిడ్ అనే రకం మైక్ ముందువైపు బాగా వింటుంది, వెనకవైపు బాగా తక్కువ వింటుంది. దాని మూతి మనిషి వైపు ఉంటుంది కాబట్టి దాని వీపు సముద్రం వైపు ఉండాలి. అంటే మాట్లాడే మనిషి సముద్రం వైపు చూస్తూ కూర్చోవాలి. నేను వీడియో అందం కోసం ఆమెను సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టాను. దాంతో నా మైక్ మూతి ఆమెతో పాటు మొత్తం బంగాళాఖాతం వైపు తిరిగింది.

కాలర్ మైక్ విషయం దీనికి తిరగేసి ఉంటుంది. అది ఎక్కువగా అన్ని దిక్కులా వినే రకం. ఛాతీ మీద ఉంటుంది కాబట్టి మనిషి ఒళ్లే దానికి అడ్డుగోడ. అప్పుడు గాలికీ, అలలకూ వీపు పెట్టి కూర్చోబెట్టటమే మేలు.

ఇంట్లో: ఫ్యాను, ఫ్రిజ్, గచ్చు

ఫ్యాను ఆపమని అడగటానికి మొహమాటపడకండి. ఉక్కపోతగా ఉంటే పది నిమిషాలకోసారి ఆపి ఫ్యాను వేసుకుని, మళ్లీ మొదలుపెట్టండి. ఫ్రిజ్ ఆపితే మళ్లీ వేయటం మర్చిపోతాం. రికార్డింగ్ చేసేవాళ్లు వాడే చిట్కా ఒకటుంది: మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి, వేయకుండా ఇంటికి వెళ్లలేరు. కాకపోతే ముందు అడగండి. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ లాంటి మందులుంటే అసలు ఆపొద్దు. కిడ్నీ జబ్బుతో ఉద్దానంలో ఎన్నో ఇళ్లు మందుల మీదే నడుస్తున్నాయి. మన రికార్డింగ్ వాళ్ల మందుల కన్నా ముఖ్యం కాదు. మైక్‌నే ఫ్రిజ్‌కు దూరంగా జరపండి.

శ్లాబు ఇళ్లు, టైల్స్ గదులు మాటను బాగా తిరిగి కొడతాయి. కమ్మల ఇంట్లో, మట్టి అరుగు మీద ఆ ఇబ్బంది తక్కువ. శ్లాబు ఇల్లే దిక్కయితే పరుపు, బొంతలు ఉన్న గదిలో కూర్చోండి. మాట్లాడే మనిషి వెనక దండెం మీద రెండు దుప్పట్లు వేలాడదీయండి. గది మధ్యలో, గోడలకు సమదూరంలో కూర్చోకండి. మైక్ కింద బల్ల మీద మడత పెట్టిన తువ్వాలు వేయండి.

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు పరిశ్రమల దగ్గర మాట్లాడిస్తే బాయిలర్లు, యంత్రాలు ఉంటాయి. హౌరా-చెన్నై రైలు మార్గం పలాస, సోంపేట, ఇచ్ఛాపురం మీదుగానే పోతుంది. రైలు వస్తుంటే మాట ఆపించండి, పోయాక మొదలుపెట్టించండి. మసీదు నుంచి అజాన్ వినిపించినా, గుడి మైక్ మోగినా అంతే. ఆగటం మర్యాద కూడా, మంచి రికార్డింగ్ కూడా.

ఫోన్‌తోనే చేసేవాళ్లకు

మనలో చాలామందికి ఫోనే మైక్. ఫోన్ మైక్ కింది అంచున చిన్న రంధ్రంలో ఉంటుంది. కవరు అడ్డం రాకుండా చూసుకోండి. చేత్తో పట్టుకుంటే వేళ్ల రాపిడి పడుతుంది. తువ్వాలు మీదో, పుస్తకాల దొంతర మీదో, నోటికి జానెడు దూరంలో, కింది అంచు మనిషి వైపు ఉండేలా పెట్టండి.

చాలా ఫోన్లలో ఆటోమేటిక్ గెయిన్ ఉంటుంది. మనిషి మాట్లాడుతున్నప్పుడు తగ్గుతుంది, ఆగినప్పుడు తనంతట తానే పెరుగుతుంది. అందుకే మాటల మధ్య నిశ్శబ్దంలో ఫ్యాను ‘హో’ మని పైకి లేస్తుంది. గెయిన్‌ను చేత్తో మార్చుకోనిచ్చే రికార్డర్ యాప్ అయితే ఆ సదుపాయం ఆపేయండి.

లెవెల్ చూపించే గీత ఉంటే, పెద్దగా మాట్లాడినప్పుడు అది మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టుకోండి. సున్నాను తాకితే మాట నెత్తి తెగుతుంది. తెగినదాన్ని నిజంగా అతికించటం ఎవరివల్లా కాదు.

చౌక వైర్‌లెస్ మైకుల మీద చప్పుడు తగ్గించే మీట ఒకటి ఉంటుంది. నొక్కగానే ఫ్యాను మాయమవుతుంది, బాగుందనిపిస్తుంది. స, శ, ష, ఫ లాంటి అక్షరాలు ఉన్న మాటలు రెండు చెప్పించి వినండి. అవి మొద్దుబారితే ఆ మీట ముట్టుకోకండి. ఉర్దూలో మాట్లాడేవాళ్ల దగ్గర ఇది ఇంకా ముఖ్యం. ఖే, జే, ఫే లాంటి ఊపిరితో పలికే సన్నటి ధ్వనులే ముందు పోతాయి.

రికార్డింగ్ అయ్యాక

ముందు అసలు ఫైలు కాపీ చేసి పక్కన పెట్టండి. దాన్ని ఎప్పుడూ ముట్టుకోవద్దు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్ ఫైలు గంటకు సుమారు 518 ఎంబీ అవుతుంది. ఇప్పటి మెమరీ కార్డులకు అది పెద్ద బరువేమీ కాదు.

ప్రతి రికార్డింగ్ మొదట్లోనో చివరనో 30 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి చప్పుడు మాత్రమే పట్టుకోండి. ఉచితంగా దొరికే ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌కు ఇదే నమూనా. ముందు 80 హెర్ట్జ్ కింద కోసేయండి. మగవాళ్ల గొంతు మూలస్వరం సుమారు 85 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది, ఆడవాళ్లది ఇంకా పైన. కాబట్టి మాటకు నష్టం ఉండదు, లారీ గుడగుడ, గాలి బరువు పోతాయి. తర్వాత ఆ 30 సెకన్లను నమూనాగా ఇచ్చి నాయిస్ రిడక్షన్‌ను 6 నుంచి 12 డెసిబెల్స్ లోపు వాడండి. ఇంకా పెంచితే మనిషి నీళ్లలో మునిగి మాట్లాడినట్టు ఉంటుంది. ఒకేసారి గట్టిగా తోమేకంటే రెండుసార్లు మెల్లగా తుడవటం మేలు.

ఇప్పుడు కృత్రిమ మేధతో గొంతును శుభ్రం చేసే సాధనాలు వచ్చాయి. పాటలకో, ప్రకటనలకో వాడుకోండి. ఒక మనిషి సాక్ష్యానికి వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. అవి వినపడని అక్షరాన్ని ఊహించి పూరించగలవు. నా ‘రవై’ ముందు అది ‘ఇ’ పెట్టి ఉంటే, అంతా శుభ్రంగా, స్పష్టంగా, తప్పుగా వినిపించేది. నేను ఇరవై వేలని రాసేసేవాణ్ణి. శుభ్రం చేసిన ఫైల్లో విన్న ప్రతి పేరునూ, అంకెనూ అసలు ఫైలుతో సరిచూడండి. అసలులో వినపడకపోతే ‘వినిపించలేదు’ అని రాయండి. ఖాళీ పెట్టటం తప్పు కాదు, ఊహించి నింపటం తప్పు.

ఎందుకింత పట్టింపు?

తెలుగు అంకెల్లో అరవై-ఇరవై, ఏడు-మూడు, యాభై-డెబ్భై లాంటివి ఒక్క అక్షరం తేడాతో బతుకుతాయి. చప్పుడు ముందు మింగేది ఆ సన్నటి అక్షరాన్నే. అప్పు పద్దులో, పరిహారం దరఖాస్తులో, ఆస్పత్రి బిల్లులో ఆ ఒక్క అక్షరం 40 వేల రూపాయలు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని ఊడ్చేశాక, ఎవరికి ఎన్ని కొబ్బరిచెట్లు, ఎన్ని జీడిచెట్లు పోయాయో నోటిమాటగా చెప్పుకున్న లెక్కలెన్నో ఉన్నాయి. అలాంటి చోట అంకె సరిగా పడటం మనిషికి చేసే న్యాయంలో భాగం.

భాష సంగతి కూడా ఉంది. ఈ జిల్లావాడే గిడుగు రామమూర్తి. సవరల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకుని, 1931లో సవర భాష వ్యాకరణం ప్రచురించాడు. మన్యం జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతింది. అయినా చెవితో విని, చేత్తో రాసిన పని అది. మన చేతిలో ఇప్పుడు ఫోన్ ఉంది. ఉద్దానం యాసలో మాట్లాడే పెద్దవాళ్లు, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే నానీలు ఇంకా ఉన్నారు. వాళ్ల మాట ఫ్యాను చప్పుడు కింద పోగొట్టుకుంటే అది మైక్ తప్పు కాదు.

ఇంకో మాట. సముద్రాన్ని పూర్తిగా తుడిచేయాలని కూడా అనుకోకండి. డొంకూరు మనిషి మాట వెనక అలలు సన్నగా ఉంటేనే అది డొంకూరు. మాట అయిపోయాక ఒడ్డుకు వెళ్లి అలలను విడిగా రెండు నిమిషాలు రికార్డు చేయండి. తర్వాత మీకు కావాల్సినంతే కలుపుకోవచ్చు. ఉప్పు విడిగా ఉంటే కూరలో సరిపడా వేసుకోవచ్చు, కలిసిపోయాక తీయలేం.

బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి

• హెడ్‌ఫోన్స్ ఉన్నాయా? వింటూనే రికార్డు చేయాలి. "మీ మాట సరిగా పడుతోందో లేదో వింటున్నానమ్మా" అని ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.
• మైక్ నోటికి జానెడు దూరంలో ఉందా?
• చప్పుడు మైక్ వెనక ఉందా, ముందు ఉందా?
• బొచ్చు తొడుగు, అదనపు వైరు, బ్యాటరీ, ఒక దుప్పటి పెట్టుకున్నారా?
• ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నాయా? ఛార్జర్ పీకేశారా?
• మైక్ గీకి చూశారా? ఒక నిమిషం రికార్డు చేసి, వెనక్కి తిప్పి విన్నారా?
• 30 సెకన్ల నిశ్శబ్దం పట్టారా?
• ప్రతి పేరు, ప్రతి అంకె రికార్డింగ్‌లోనే తిరిగి చెప్పించుకున్నారా?

చివరిదానికి ఏ పరికరమూ అక్కర్లేదు. మాట పూర్తయ్యాక "అరవై అంటే ఆరు పదులేనా అమ్మా?" అని మెల్లగా అడగటమే. ఆ రోజు ఒడ్డున ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, అంకె కోసం నేను ఆ ఇంటి గుమ్మం రెండోసారి తొక్కాల్సి వచ్చేది కాదు.